టైరు పగిలిన కథ

ఫాల్గుణమాసపు చివరి దినములు. మధ్యాహ్నము రెండు గంటలు దాటినది. కృష్ణాతీరమునందలి యొక ఉన్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతి విద్యార్థులు గణిత పరీక్ష వ్రాయుచుండిరి. కాగితములపై కలములు సాగు సవ్వడి తప్ప గదిలో వేరు సవ్వడి లేదు. అంతలో ఆవరణలోని వేపచెట్టు దిక్కునుండి తుపాకి ప్రేలినట్లు పెద్ద చప్పుడు వినవచ్చెను. చెట్టుమీది కాకులన్నియు ఒక్కుమ్మడిగా లేచిపోయినవి. పరీక్ష వ్రాయుచున్న బాలురందరును తలలెత్తిరి. బంట్రోతు పరుగున పోయి చూచి వచ్చి, "అక్కడ మనిషి అలికిడి లేదండీ. వరుసలో నిలిపిన సైకిలొకటి వెనుక చక్రము కూలబడి యున్నది" అని చెప్పెను.

ఆ సైకిలు ఆరు కిలోమీటర్ల దూరమునుండి నిత్యము బడికి వచ్చు ఒక రైతు కుమారునిది. పరీక్ష ముగియగానే అతడు పోయి చూచెను. వెనుక టైరు ప్రక్కన బొటనవ్రేలు దూరునంత చీలిక కలదు. అందుండి ట్యూబు పేలిక వలె వ్రేలాడుచుండెను. ముందునాటి సాయంకాలమే చెడుగుడు ఆటలో అతనికిని, నేతపనివారి పిల్లవానికిని మాటా మాటా పెరిగి, చేయి చేయి కలిసినది. నేతపనివారి పిల్లవాడు తన సంచిలో సగము విరిచిన బ్లేడు నొకదానిని ఎల్లప్పుడు ఉంచుకొనును. ఇంట పోగులు తెంపుటకు, బడిలో పెన్సిలు చెక్కుటకు దాని కదియే సాధనము. ఈ సంగతి తరగతిలో అందరెరుగుదురు. ఇంక చెప్పవలసిన దేమున్నది? ఆటలో ఓడినవాడు బ్లేడుతో టైరు కోసెనను మాట అయిదు నిమిషములలో బడియంతయు ప్రాకినది.

ప్రధానోపాధ్యాయుడు ఇరువురను పిలిపించెను. నేతపనివారి పిల్లవాని సంచి వెదకగా బ్లేడు దొరకినది. "నేను కోయలేదండీ" అను మాట తప్ప ఆ బాలుడు వేరొండు పలుకలేదు. నేరము రుజువైనచో అతనిని తక్కిన పరీక్షలకు కూర్చుండనీయక ఇంటికి పంపవలసి యుండును. అప్పుడు అచ్చటనే యున్న విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు, "అయ్యా! ఈ సాయంకాలమువరకు గడువిండు. ఆ చక్రమును తెలిసినవానికి చూపి వచ్చెదము. పగిలిన వస్తువును చూడకయే పగులగొట్టినవానిని నిర్ణయించుట తొందరపాటగును" అని మనవి చేసెను. ప్రధానోపాధ్యాయు డంగీకరించెను.

సైకిలును నడిపించుకొని వారు మువ్వురును బజారునకు పోవులోపల, పాఠకులు టైరును గూర్చి కొంత తెలిసికొనవలసి యున్నది. నిత్యము చూచు వస్తువే యైనను, దానిలో బరువు మోయున దేదో చాలమంది యెరుగరు.

గాలిని నిలుపునది ట్యూబు. కాని గాలి యొత్తిడిని ఓర్చునది ట్యూబు కాదు. ట్యూబును టైరునుండి వెలికి తీసి, ఊరక నేలపై నుంచి గాలి కొట్టి చూడుడు. నాలుగు పంపులకే అది ఒకచోట కప్పను మ్రింగిన పాము పొట్టవలె ఉబ్బును. ఇంకను కొట్టినచో అచ్చోటనే పలుచనై పగులును. చదరపు అంగుళమునకు కొలది పౌనుల ఒత్తిడినైనను అది తనంతట ఓర్వజాలదు. అదే ట్యూబు టైరులో నున్నప్పుడు నలువది యైదు పౌనులను అవలీలగా నిలుపుచున్నది. ఏలయన అప్పు డది సాగుటకు చోటు లేదు. చుట్టును టైరు దానిని పట్టి బిగించి యుంచును.

ఆ టైరులోను బలమంతయు నల్లని రబ్బరులో లేదు. టైరును లోపలివైపునుండి చూచినచో ఏటవాలుగా పరచిన పోగులు కనబడును. పూర్వము అవి నూలుపోగులు, ఇప్పుడు తరచుగా నైలాను పోగులు. ఒక వరుసపై మరియొక వరుస అడ్డముగా వచ్చునట్లు పరచి, రబ్బరుతో అతికింతురు. టైరనగా నిజమునకు రబ్బరు పూసిన బట్టయే. ఆ బట్ట యంచులలో రెండు వైపులను ఉక్కుతీగ చుట్టు ఒక్కొక్కటి యుండును. ఆ తీగచుట్టు సాగదు గనుక రిమ్మును దాటి పైకి రాజాలదు. నేలనంటు భాగమున మందముగా నున్న రబ్బరు అరుగుదలకు, ముండ్లకు అడ్డుగా నుండును. ప్రక్కలయందు మాత్రము రబ్బరు పలుచని పూతయే.

లెక్క వేసి చూచినచో ఈ పోగుల శ్రమ తెలియును. అంగుళమున్నర లావు గల టైరులో నలువది యైదు పౌనుల గాలి యున్నదనుకొందము. లావులో సగము ముప్పాతిక అంగుళము. దానిని నలువది యైదుచే గుణింపగా సుమారు ముప్పది నాలుగు పౌనులు వచ్చును. అనగా టైరు పొడవునందు ప్రతి యంగుళమును పదిహేను కిలోల బరువును వ్రేలాడదీసినట్లు రేయింబవళ్లు బిగువుగా లాగబడుచున్నది. సైకిలు నిలిచి యున్నను, గోడకు చేరవేసి యున్నను ఈ లాగుట ఆగదు. అందుచేతనే టైరు పగులుటకు పైన మనిషి ఎక్కి యుండనక్కరలేదు.

ఈ కూర్పు ఒక్కనాట పుట్టినది కాదు. పచ్చి రబ్బరు చలికి బిరుసెక్కును, ఎండకు జిగటయగును. దానిని గంధకముతో కలిపి కాచినచో ఆ దోషము తొలగునని 1839లో అమెరికా దేశీయుడైన చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనెను. 1845లో స్కాట్లండు దేశీయుడు రాబర్టు విలియం థామ్సన్ గాలి నింపిన చక్రమునకు పేటెంటు పొందెను. అతడు రబ్బరు పూసిన గుడ్డగొట్టమును తోలులో బిగించి గుఱ్ఱపు బండ్లకు తొడిగెను. బండ్లు మెత్తగా సాగినవే గాని, అది సైకిళ్ళ కాలము కాదు గనుక లోక మా సంగతి మరచిపోయినది. నలువది యేండ్లకు పైగా గడచిన పిదప, బెల్‌ఫాస్టు నగరములో పశువైద్యుడుగా నున్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండి రాళ్ల వీథులలో కుదుపుట చూచి, గాలి గొట్టములు కట్టి 1888లో పేటెంటు పొందెను. థామ్సన్ ముందుగనే కనుగొన్న సంగతి బయటపడుటచే ఆ పేటెంటు తరువాత చెల్లక పోయినది. పేరు మాత్రము డన్‌లప్పునకే నిలిచినది.

డన్‌లప్ టైరు రిమ్మునకు గట్టిగా అతికింపబడి యుండెడిది. పంచరైనచో దానిని ఊడదీసి, అతుకు వేసి, మరల అతికించి ఆరబెట్టుటకు గంటలు పట్టెడివి. ఈ బాధ చూచి ఫ్రాన్సు దేశమున మిషెలిన్ సోదరులు సులభముగా ఊడదీయదగిన టైరును 1891లో తెచ్చిరి. ఆ యేటనే పారిస్ నుండి బ్రెస్టు వరకు పోయి మరల పారిస్ చేరు సుమారు 1,200 కిలోమీటర్ల పందెమున షార్ల్ టెరాన్ ఆ టైర్లతోనే గెలిచెను. అంచునందు తీగచుట్టు గల టైరును ఇంగ్లండులో చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చి 1890లోనే కనిపెట్టి యుండెను. మన వీథులలో తిరుగు సైకిళ్ళ టైర్లు చాలవరకు ఆ వెల్చి టైరు సంతతియే.

ఇంక కథలోనికి పోదము. బజారులో రావిచెట్టు క్రింద ఒక సైకిలు షాపు కలదు. దానిని నడుపు ముదుసలి నలువది యేండ్లుగా పంచర్లు వేయుచున్నవాడు. బడిపిల్లలందరు అతనిని తాత యని పిలుతురు. ఉపాధ్యాయుడు జరిగినదంతయు చెప్పగా అతడు తలయూచి, ఎవరి ముఖమును చూడక, చక్రమును మాత్రము చూడసాగెను.

మొదట ట్యూబును వెలికి తీసెను. దాని ప్రక్కన జానెడు పొడవున చీలిక కలదు. "పంతులుగారూ! ముల్లు గ్రుచ్చుకొన్నచో ట్యూబునకు సూది మొనయంత బెజ్జము పడును. గాలి గంటకో రెండు గంటలకో పోవును. చప్పుడు రాదు. చప్పుడు వచ్చినదనగా ట్యూబు టైరులోనుండి బయటికి వచ్చి పగిలినదని తెలిసికొనవలెను. ఇంత పొడవున చీలుటయు అందుకే" అనెను.

"లోపలనే పగిలి చప్పుడు చేయరాదా తాతా?" అని రైతు కుమారు డడిగెను.

"లోపల ట్యూబునకు సాగుటకు చోటేది బాబూ? లోపల చీలినను, ఆ గాలి టైరు పట్టులోనే యుండి వాల్వు రంధ్రమునుండి, రిమ్ము సందులనుండి బుస్సుమని పోవును. అంతే గాని ప్రేలదు."

ఈ మాట వినగానే ఉపాధ్యాయుడు అనుమాన మొకటి వెలిబుచ్చెను. కొన్ని సమయములలో టైరు చెక్కుచెదరక రిమ్ముపైననే యుండును, ట్యూబు మాత్రము మూరెడు చీలి యుండును, చప్పుడును పెద్దదిగనే వినబడును గదా యని. వృద్ధుడు నవ్వి, అది తొందరపడి టైరు ఎక్కించువారి పని యని చెప్పెను. టైరు ఎక్కించునప్పుడు ట్యూబు మడత యొకటి అంచుతీగ క్రింద చిక్కుకొన్నచో ఆ తీగ రిమ్ములో సరిగా కూర్చుండదు. గాలి కొట్టిన కొంతసేపటికి అచ్చోట టైరంచు మెల్లగా లేచును. ఆ సందున ట్యూబు బుడగవలె బయటికి వచ్చి ప్రేలును. గాలి పోయిన మరుక్షణమే టైరు మరల తన చోటికి జారుకొనును. చూచువారికి ఏ గురుతును కానరాదు. "ట్యూబు నాసిరకము" అని అంగడివానితో తగవు పెట్టుకొందురు. గాలి కొట్టుటకు ముందు టైరును రెండు చేతులతో చుట్టును ఒత్తి, ట్యూబు ఎక్కడను తొంగిచూచుట లేదని రూఢి చేసికొని, కొంత గాలి కొట్టిన పిమ్మట మరల చక్రమును త్రిప్పి, టైరంచు అంతటను ఒకే యెత్తున నున్నదా యని చూచినచో ఈ యాపద రాదు. చాలమంది ఈ రెండవ చూపును మానుదురు.

"కాని యిది ఆ జాతి కాదు. ఇక్కడ టైరే తెగినది" అని వృద్ధుడు టైరును ఒడిలోనికి తీసికొనెను. చీలికయొద్ద ధూళిని తడిగుడ్డతో తుడిచి, వెలుతురునకు పట్టి, నేతపనివారి పిల్లవానిని దగ్గరకు పిలిచెను. "అబ్బాయీ! నీవు మగ్గము ముందు పెరిగినవాడవు. ఈ పోగు లెట్లు తెగినవో చెప్పుము."

అంతవరకు తల వంచుకొని యున్న ఆ బాలుడు వంగి చూచెను. చాలసేపు చూచెను. తరువాత వ్రేలితో మెల్లగా నివిరి, "ఇది కోసిన పోగు కాదు తాతా! కోసినచో కొస ఒక్కతీరుగా నుండును. ఇవి నూగు లేచి, పీచుపీచుగా నున్నవి. ఒరిసి ఒరిసి తెగినవి. కొన్నింటి కొసలు నల్లబడి యున్నవి, కొన్ని మాత్రమే తెల్లగా నున్నవి" అనెను.

"నల్లనివి ఎప్పుడో తెగినవి. వానిలో దారి మురికి చేరినది. తెల్లనివి నేడు తెగినవి" అని వృద్ధుడు చెప్పి, చీలిక నుండి ప్రక్కకు వ్రేలు పోనిచ్చెను. టైరు ప్రక్కన సన్నని గాడి యొకటి కనబడుచుండెను. అది చీలికతో ఆగలేదు. అదే యెత్తున, గీత గీచినట్లు, చక్రము చుట్టును తిరిగి వచ్చి మరల చీలికనే చేరినది.

ఉపాధ్యాయుడు ఆ గాడిని చూచి వెంటనే గ్రహించెను. బ్లేడు పట్టినవాడు ఒకచోట కోయును, రెండుచోట్ల కోయును. చక్రము చుట్టును వెండ్రుకవాసి తేడా లేకుండ కోయుట ఎవ్వరి తరమును గాదు. కదలకుండ ఒకచోట నిలిచి యున్న వస్తువేదో తిరుగుచున్న చక్రమును ఒరసినప్పుడే అట్టి గీత పడును. సైకిలులో అట్లు నిలిచి యుండున దేది?

వృద్ధుడు సైకిలును బోర్లించి, వెనుక బ్రేకు నొక్కి చూపెను. బ్రేకు రబ్బరు రిమ్మునకు మాత్రమే అంటవలసినది. అది గోధుమగింజ యంత పైకి జరిగి యుండుటచే, దాని పై యంచు టైరు ప్రక్కను తాకుచుండెను. రబ్బరు చివర నల్లని పొడి అంటి యున్నది.

"ఈ బ్రేకు రబ్బర్లు ఎవరు బిగించినారు?" అని ఉపాధ్యాయు డడిగెను.

రైతు కుమారుడు కొంత తడవు పలుకలేదు. పిమ్మట, "నేనే మాస్టారూ! నెల క్రిందట పాతవి అరిగిపోగా కొత్తవి కొని నేనే బిగించితిని" అని నేల చూచుచు చెప్పెను.

"రెండు మూడు దినములనుండి చక్రము తిరుగునప్పు డేదో తట్టుచున్నట్లు తోచెనా?" అని వృద్ధు డడిగెను. తోచినదని, ప్రతి చుట్టునకు ఒకమారు టక్కుమని వినబడెనని, పరీక్షల తొందరలో పట్టించుకొనలేదని బాలుడు చెప్పెను. ఆ టక్కుమను ధ్వనియే టైరు పెట్టిన మొర. పోగులు కొన్ని తెగగానే తక్కినవానిపై లాగుడు హెచ్చును. అవి సాగి, అచ్చోట చిన్న కంతి లేచును. ఆ కంతి బ్రేకు రబ్బరునకు తగిలినప్పుడెల్ల ధ్వని పుట్టును, మరి కొంత ఒరియును. చూచి యున్నచో పది నిమిషముల పని.

"అట్లయిన తాతా, రెండు దినములు మోసిన టైరు, నేను ఎక్కి త్రొక్కినప్పుడు పగులక, ఊరక నిలిచి యున్నప్పు డేల పగిలినది?" అని రైతు కుమారుడు మరల అడిగెను. ఇది మంచి ప్రశ్నయే. తప్పు తనదని తెలిసిన పిమ్మటను అడుగవలసినది అడుగుట ఆ బాలునియందు మెచ్చదగిన గుణము.

దానికి జవాబు ఆనాటి ఉదయమున నున్నది. పరీక్షకు వేళ మించునేమో యని భయపడి, చక్రము తేలికగా సాగవలెనని, అతడు దారిలో పెట్రోలు బంకునొద్ద యంత్రముతో గాలి పట్టించెను. చేతి పంపుతో కొట్టునప్పుడు గాలి నిండినకొలది చేయి బరువెక్కి, చాలునని మనకే తెలియును. యంత్రమున కా యెరుక లేదు. అది లారీ చక్రములకు ఏర్పడినది. సైకిలు ట్యూబు చిన్నది గనుక రెండు మూడు క్షణములలోనే మితి మీరిపోవును. అందుచే చక్రము రాయివలె గట్టిపడినది. ఉదయము సైకిలు నిలిపినప్పుడు అచ్చోట వేపచెట్టు నీడ యుండెను. మధ్యాహ్నమునకు నీడ ప్రక్కకు జరిగి, ఎండ సూటిగా వెనుక చక్రముపై పడినది. నల్లని రబ్బరు ఎండను ఇట్టే త్రాగును.

"ఎండకు గాలి పెరిగి టైరు పగిలినది" అని లోకులు వాడుకగా అందురు. ఈ మాటలో సగమే నిజము. దానిని ఉపాధ్యాయుడు అచ్చటనే బొగ్గుముక్కతో పలకపై లెక్క వేసి చూపెను. ఉదయము టైరులో నలువది యైదు పౌనుల గాలి, ఇరువది యెనిమిది డిగ్రీల వేడిమి యున్నదనుకొందము. బయటి వాయువుయొక్క సహజమైన ఒత్తిడి పదిహేను పౌనులు. దానిని కలుపగా మొత్తము అరువది. మధ్యాహ్నము టైరు అరువది డిగ్రీల వరకు కాగినదనుకొందము. వాయువుల లెక్కలో డిగ్రీలకు 273 కలుపవలెను గనుక 301 కాస్తా 333 అయినది. అనగా పదింట ఒక వంతునకు కొంచెము మించి పెరిగినది. ఒత్తిడియు అంతే పెరిగి, అరువది పౌనులు అరువదియారు దాటును. బయటి పదిహేను తీసివేయగా యాబదియొకటి. ఎండ కలిపినది ఆరు పౌనులు మాత్రమే! మంచి టైరు ఈ యారింటిని లెక్కచేయదు. కాని సగము పోగులు తెగి, మిగిలిన సగముతో ఊపిరి బిగబట్టి యున్న టైరునకు, అందునను యంత్రపు గాలితో కిక్కిరిసి యున్నదానికి, ఆ యారు పౌనులే చాలినవి. ఒక పోగు తెగెను. దాని బరువు ప్రక్కపోగుపై బడి అదియు తెగెను. ఆ విధముగా వరుసగా తెగి దారి యేర్పడగా ట్యూబు బయటికి దూకి ప్రేలినది. చూచువారి కది ఒక్క క్షణమున జరిగిన పని. టైరున కది నెలదినముల పని.

ఈ లోపల షాపునకు వచ్చిన మరి కొందరు పిల్లలును చుట్టు చేరిరి. వృద్ధుడు పలకను ప్రక్కన బెట్టి, గూటిలో పడవేసి యుంచిన పాత ట్యూబులను ఒక్కొక్కటిగా తీసి చూపదొడగెను. అతనికి చదువు లేదు. కాని ట్యూబుపై బెజ్జమెక్కడ నున్నదో చూచి, అది ఎట్లు పడినదో పుస్తకము చదివినట్లు చెప్పగలడు. అందుకొరకే అతడు ట్యూబును తీయకముందు వాల్వున కెదురుగా టైరుపై సుద్దముక్కతో గురుతు పెట్టును. ట్యూబుపై బెజ్జము దొరకగానే ఆ గురుతును బట్టి టైరులో సరిగా అదే చోట వెదకును. ముల్లు టైరులోనే దాగి యున్నచో దానిని తీయక అతుకు వేయుట వృథా. ట్యూబు నేలవైపున బెజ్జ మున్నచో ముల్లో, గాజుపెంకో, మేకో కారణము. మన పొలము గట్లపై ముఖ్యముగా పల్లేరుకాయ. అది ఎట్లు పడినను ఒక ముల్లు మీదికి చూచుచునే యుండును. లోపలివైపున, అనగా రిమ్మువైపున బెజ్జమున్నచో, రిమ్ములోని రబ్బరు పట్టీ ప్రక్కకు తొలగి స్పోకు కొస గ్రుచ్చుకొన్నదని యర్థము. అప్పుడు టైరులో ఎంత వెదకినను ఏమియు దొరకదు.

రెండు బెజ్జములు ప్రక్కప్రక్కన పాముకాటువలె నున్నచో అది గాలి తక్కువైన దోషము. గాలి చాలని చక్రము రాతియంచును గ్రుద్దుకొన్నప్పుడు టైరు అణగిపోయి, ట్యూబు రాయికిని రిమ్మునకును నడుమ నలుగును. రిమ్ము రెండంచులును చెరియొక గాటు పెట్టును. గాలి తక్కువతో నడుపుటవలన మరియొక కీడు కలదు. టైరు రిమ్ముపై నిలువక కొంచెము కొంచెముగా జరుగుచు, ట్యూబును వెంట లాగికొని పోవును. వాల్వు మాత్రము రిమ్ము రంధ్రములో చిక్కుకొని యుండును గనుక ఒకవైపునకు వంగును. వంగిన వాల్వు కనబడినచో వెంటనే గాలి తీసి, టైరును సరిచేయవలెను. లేనిచో వాల్వు మొదట ట్యూబు చిరుగును. ఆ చిరుగునకు అతుకు నిలువదు. ఇరువురు ముగ్గురు కలిసి ఒక సైకిలుపై పోవు బాలురకు ఇది తరచుగా సంభవించును.

రాత్రి నిండుగా నున్న చక్రము తెల్లవారునప్పటికి చప్పబడి యున్నచో, ట్యూబును అనుమానించుటకు ముందు వాల్వును చూడవలెను. వాల్వులోని సన్నని రబ్బరు గొట్టమును వాల్ ట్యూబని యందురు. అది ఎండి చిట్లినచో గాలి నిలువదు. వాల్వు మూతిపై తడివ్రేలు ఉంచినచో బుడగలు లేచి సంగతి చెప్పును. చిన్న గొట్టపు ముక్కతో తీరు పనికి చక్రమంతయు ఊడదీయువారును కలరు!

అతుకు లూడుటను గూర్చి వృద్ధుడు విసుగుతో మాటలాడెను. "ఆకురాయితో గీకుటకు ఓపిక లేదు. సొల్యూషను పూసి ఆరనిచ్చుటకు ఓపిక లేదు. తడిగా నుండగనే అతుకు అంటింతురు. ఎండ కాయగానే అది ఊడివచ్చును. తరువాత షాపువానిని తిట్టుదురు" అనెను. అరకు, శ్రీశైలము వంటి కొండదారులలో దిగునప్పుడు బ్రేకులు విడువక పట్టినచో రిమ్ము చేయి పెట్టరానంత కాగును. అట్టి చోట్ల సగము ఆరిన అతుకు మొట్టమొదట ద్రోహము చేయును. ముందు చక్రము హఠాత్తుగా గాలి పోగొట్టుకొన్నచో సైకిలు చెప్పిన మాట వినదు. టైరు రిమ్మునుండి జారి అడ్డము పడిన, మనిషి ముందునకు బోర్లపడును. అందుచే, రెండు టైర్లలో మంచిదానిని ముందు చక్రమునకు వేయవలెనని అతని నియమము. బరువు వెనుకనే ఎక్కువ గదా యని కొత్త టైరును వెనుకకు వేయుమని కోరువారితో అతడు వాదించును గాని, వారి మాట వినడు.

ప్రొద్దు వాలుచుండెను. వృద్ధుడు బ్రేకు రబ్బర్లను క్రిందికి జరిపి బిగించి, చక్రము త్రిప్పి, ఎక్కడను టైరును తాకకుండుట చూపెను. చీలిన టైరు పనికిరాదు. లోపల పాత టైరు ముక్క నుంచి ఇల్లు చేరవచ్చును గాని, చుట్టును గాడి పడినదానిని నమ్మరాదు. అందుచే అతడు కొంత వాడిన వేరొక టైరును, కొత్త ట్యూబును వేసెను. రైతు కుమారునియొద్ద అంత పైకము లేకపోగా, ఉపాధ్యాయుడు ఇచ్చి, నెల మొదటికి తీర్చుమనెను.

గాలి కొట్టుటకు పంపు తీసినది నేతపనివారి పిల్లవాడు. అతడు పంపు పిడి పట్టుకొని కొంచెముసేపు ఊరక నిలుచుండెను. రైతు కుమారుడు దగ్గరకు వచ్చి, "ఒరే! నేను నీ పేరు చెప్పి యుండరాదు. రేపు ప్రార్థనవేళ అందరియెదుట చెప్పెదను" అనెను. "ముందు చక్రము త్రిప్పి చూడు. టైరంచు సమముగా కూర్చున్నదా?" అని మాత్రము అతడు బదులు చెప్పి, పంపు కొట్టసాగెను.

మరునాడు ప్రార్థన ముగిసిన పిమ్మట రైతు కుమారుడు చెప్పవలసినది చెప్పెను. ప్రధానోపాధ్యాయుడు బ్లేడును దాని యజమానునకు తిరిగి యిచ్చి, పెన్సిలు చెక్కుటకు తప్ప బడిలో తీయవలదని చెప్పెను. విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు ఆనాటి విరామవేళ పిల్లలను వేపచెట్టు క్రిందికి కొనిపోయి, అచ్చట నిలిచిన సైకిళ్ళ బ్రేకు రబ్బర్లను వరుసగా చూడుమనెను. నాలుగింట రబ్బరు టైరును తాకుచుండెను. అందొకటి ఆ యుపాధ్యాయునిదే.